చెరువు గట్టు పనికీ ఇంటి పనికీ ఏ గ్రైండింగ్ మిషన్ కొనాలి?

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లెటూరు. రెండెకరాల కొబ్బరి తోట, ఎకరంన్నర రొయ్యల చెరువు ఉన్నాయి. చెరువు నీళ్లలో గాలి కలిపే ఏరేటర్ల ఫ్రేములు తుప్పుపట్టి విరిగినప్పుడల్లా వెల్డింగ్ షాపుకి మోసుకెళ్లాల్సి వస్తోంది. మా అబ్బాయి ఐటీఐలో ఫిట్టర్ పూర్తిచేశాడు. చిన్న వెల్డింగ్ సెట్టు కొన్నాం, ఇప్పుడు ఇనుము కోసి సాపు చేసే గ్రైండింగ్ మిషన్ కావాలి. ఆన్‌లైన్‌లో 1,200 వాట్లు అని రాసి 1,400 రూపాయలకే ఇస్తున్నారు. పాలకొల్లు షాపులో పేరున్న కంపెనీది 850 వాట్లే, 3,500 చెబుతున్నారు. కిందటేడు చవగ్గా కొన్న మిషన్ ఒకటి రెండు నెలలకే పొగొచ్చి ఆగిపోయింది. ఈసారి ఏది నమ్మాలి? 4 అంగుళాలదా, 5దా, 7దా? దానికే పళ్ల బ్లేడు బిగిస్తే కొబ్బరి దూలాలు కూడా కోసుకోవచ్చని అంటున్నారు, నిజమేనా?

జవాబు: మీ చివరి ప్రశ్నకే ముందు జవాబిస్తాను. మిగతావి నాలుగు రోజులు ఆగినా ఫరవాలేదు, ఇది ఆగేది కాదు. గ్రైండింగ్ మిషన్‌కి చెక్క కోసే పళ్ల బ్లేడు బిగించకండి. అబ్బాయినీ బిగించనివ్వకండి. ఇంకెవరైనా బిగించి ఇచ్చినా ఆ మిషన్ ముట్టుకోకండి.

4 అంగుళాల వీల్ పట్టే మిషన్ నిమిషానికి దాదాపు 11,000 చుట్లు తిరుగుతుంది. మామూలు కటింగ్ వీల్‌కి, అంటే మిషన్‌కి బిగించి ఇనుము కోసే గుండ్రటి బిళ్లకి, పళ్లుండవు కాబట్టి అది ఇనుమును పొడి పొడిగా అరగదీసుకుంటూ పోతుంది. పళ్ల బ్లేడుకి ఒక్కో పన్నూ చెక్కను కొరికి లాగాలి. కొబ్బరి దూలం సంగతి మీకు చెప్పాలా, పైన గట్టి, లోపల మెత్తన, అంతా నార. ఆ నారలో ఒక పన్ను ఇరుక్కున్న క్షణాన తిరుగుతున్న బలమంతా మిషన్ మీదికే మళ్లుతుంది. మిషన్ వెనక్కి తన్ని తొడ మీదికో, పొట్ట మీదికో, మెడ మీదికో వస్తుంది. పట్టుకున్నవాడు ఎంత బలవంతుడైనా ఆపలేడు, ఎందుకంటే అతనికి తెలిసేలోపే అయిపోతుంది. చెక్క కోయడానికే చేసిన మిషన్‌కి దూలం మీద ఆనించడానికి కింద ప్లేటు ఉంటుంది, బ్లేడు చుట్టూ మూసుకునే గార్డు ఉంటుంది. 7 అంగుళాల సర్క్యులర్ రంపం చుట్లు చూసినా గ్రైండర్‌లో సగం ఉంటాయంతే. గ్రైండర్‌కి ఆ ప్లేటు లేదు, గార్డు ఉన్నా అలా బ్లేడు చుట్టూ మూసుకునేది కాదు. పేరున్న ఏ కంపెనీ గ్రైండర్ పుస్తకం తెరిచినా పళ్ల బ్లేడు, చెయిన్ బ్లేడు బిగించవద్దని స్పష్టంగా రాసి ఉంటుంది. షాపులో ఆ బ్లేడు గ్రైండర్ పక్కనే వేలాడదీసి అమ్ముతున్నారు కదా అంటారేమో, అమ్మడం వేరు, బిగించదగింది కావడం వేరు. దూలాలు కోయాలంటే చెయిన్ రంపం ఉన్న మనిషిని ఒక పూటకు పిలుచుకోండి. సరుగుడు బాదులకు చేతి రంపం చాలు.

ఇక కొనే సంగతి. నమ్మకమైన మిషన్ అంటే నా లెక్కలో ఆగమన్నప్పుడు ఆగేది, చెడితే మీ ఊరికి దగ్గర్లోనే బాగయ్యేది. వాట్లూ రంగూ డబ్బా మీది బొమ్మా దీని తరవాతే.

మీ పనికి 4 అంగుళాలదే సరైనది. ఏరేటర్ ఫ్రేముల యాంగిళ్లు, ఫ్లాట్లు, చిన్న పైపులు, వెల్డింగ్ ముద్దలు సాపు చేయడం, గేటుకీ కిటికీ గ్రిల్లుకీ తుప్పు గీకడం, వీటన్నిటికీ అది సరిపోతుంది. పావు తక్కువ రెండు కిలోల ప్రాంతంలో బరువుంటుంది కాబట్టి వంగి చేసినా, నిచ్చెన మీద చేసినా చెయ్యి లాగదు. 5 అంగుళాలది మంచి మిషనే, కొంచెం లోతుగా కోస్తుంది, వీలు కూడా ఎక్కువ రోజులు వస్తుంది. కానీ దాని వీలుకి మధ్య రంధ్రం 22 మిల్లీమీటర్లు, 4 అంగుళాల వీలుకి 16. మన వైపు చిన్న ఊళ్ల హార్డ్‌వేర్ షాపుల్లో కూడా దొరికేది 16 రంధ్రం వీలే. పని మధ్యలో వీలు అయిపోతే దాని కోసం భీమవరమో రాజమండ్రో వెళ్లాల్సిన అవసరం ఉండకూడదు. 7 అంగుళాలది ఇంటికి తేవద్దు. అది 2,000 వాట్లకు పైన లాగే బరువైన మిషన్, రెండు చేతులతో కాళ్లు నిలదొక్కుకుని పట్టుకోవాల్సినది, రోజంతా లావు ఇనుము మీద పనిచేసేవాళ్ల కోసం చేసింది. అబ్బాయి తరవాత గేట్లూ షెడ్లూ ఒప్పుకునే స్థాయికి వస్తే, అప్పుడు కూడా 7 కంటే ముందు నేల మీద పెట్టి పైపులు కోసే 14 అంగుళాల కటాఫ్ మిషన్ కొనమంటాను. కోత నిటారుగా వస్తుంది, ఒంటికీ దూరంగా ఉంటుంది.

సైజు గురించి ఇంకొక మాట చెప్పకుండా వదలను. గార్డు విప్పేసి 4 అంగుళాల మిషన్‌కి పెద్ద వీలు బిగించి ఆడించేవాళ్లు మన దగ్గర చాలామంది ఉన్నారు. 4 అంగుళాల వీలు 11,000 చుట్ల దగ్గర తిరిగేటప్పుడు దాని అంచు వేగం సెకనుకు 57 మీటర్లు, అంటే గంటకు 200 కిలోమీటర్లు దాటి పోతుంది. ఈ వీల్స్‌ని సాధారణంగా సెకనుకు 80 మీటర్ల అంచు వేగం వరకు తట్టుకునేలా చేస్తారు. అదే చుట్ల దగ్గర 7 అంగుళాల వీలు బిగిస్తే అంచు వేగం 103 మీటర్లకు పోతుంది, గంటకు 370 కిలోమీటర్లు. వీలు మీద దాని హద్దు నిమిషానికి 8,500 చుట్లని అచ్చు వేసే ఉంటుంది. హద్దు దాటిన వీలు ముక్కలైతే ఆ ముక్కకు అడ్డంగా ఉండాల్సిన గార్డు అప్పటికే విప్పేసి మూలన పడి ఉంటుంది. ఏ వీలు కొన్నా దాని మీది చుట్ల అంకె మిషన్ మీది అంకె కంటే ఎక్కువ ఉందో లేదో చూసి కొనండి. తుప్పు గీకే ఇనుప తీగల కప్ బ్రష్‌కి కూడా ఇదే లెక్క.

వాట్ల విషయానికొస్తే, 1,400 రూపాయల మిషన్ మీద 1,200 అని ఉండటం చూసి ఆశపడకండి. వాట్లంటే మిషన్ లాగే కరెంటే గానీ, వీలు దగ్గరికి వచ్చే బలం కాదు. అసలు ఆ చవక మిషన్లలో కొన్ని రాసినంత లాగనూ లాగవు. లోపల రాగి తీగ బదులు అల్యూమినియం తీగ చుట్టినవీ, గేర్లు మెత్తగా ఉన్నవీ, బేరింగుకి గ్రీజు సరిగా పెట్టనివీ బాగుకు వచ్చినప్పుడు విప్పి చూశాను. పేరున్న కంపెనీ 4 అంగుళాల మిషన్లు ఎక్కువగా 600 నుంచి 900 వాట్ల మధ్య ఉంటాయి. ఇంటి పనికి 600 పైన ఏదైనా చాలు. మీకు వెల్డింగ్ పని ఉంది, అబ్బాయి రోజూ వాడతాడు, కాబట్టి ఆ 850 వాట్లదే తీసుకోండి. మీరు చెప్పిన రెండిట్లో నా ఓటు పాలకొల్లు షాపుకే.

స్విచ్ సంగతి చాలామంది పట్టించుకోరు. నేనైతే కంపెనీ పేరు కంటే ముందు దాన్నే చూస్తాను. షాపుల్లో ఎక్కువగా కనిపించే మిషన్లకు పక్కనో వెనకో ఒక బొత్తాం ఉంటుంది. ముందుకు తోస్తే అక్కడే నిలిచిపోతుంది, వేలు తీసినా మిషన్ తిరుగుతూనే ఉంటుంది. ఇంకో రకానికి ఒంటి కింద పొడవాటి మీట ఉంటుంది. నొక్కి పట్టుకున్నంతసేపే తిరుగుతుంది, చెయ్యి జారితే ఆగిపోతుంది. ఈ రెండో రకం దొరికితే రెండు మూడు వందలు ఎక్కువైనా అదే తీసుకోండి. ఎందుకో చెబుతాను. పని మధ్యలో కరెంటు పోతుంది. మిషన్ బల్ల మీద పెట్టేసి టీ తాగడానికి వెళ్తారు. బొత్తాం ఆన్‌లోనే ఉందన్న సంగతి ఎవరికీ గుర్తుండదు. కాసేపటికి కరెంటు వస్తుంది. ఎవరూ పట్టుకోని మిషన్ బల్ల మీద తనంతట తాను లేచి గెంతుతుంది, వైరు తెంపుకుంటుంది, కింద పిల్లలుంటే వాళ్ల మీద పడుతుంది. కరెంటు పోయి వచ్చినప్పుడు మళ్లీ స్విచ్ వేస్తే తప్ప తిరగకుండా చూసే ఏర్పాటు కొన్ని మోడళ్లలో ఉంటుంది, రీస్టార్ట్ ప్రొటెక్షన్ అంటారు. షాపులో ఆ మాట వాడి అడగండి. చవక మోడళ్లలో దాదాపు ఉండదు. లేని మిషన్ కొంటే మాత్రం కరెంటు పోగానే ప్లగ్గు పీకేయడం ఆ ఇంట్లో అందరికీ అలవాటు కావాలి. వీలు మార్చేటప్పుడు కూడా అంతే, స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్గు బయట ఉండాలి.

ఇక చెడితే బాగయ్యే సంగతి. ఈ మిషన్‌లో ముందుగా అరిగేవి కార్బన్లు, అంటే మోటారులో తిరిగే భాగమైన ఆర్మేచర్‌కి ఆనుకుని కరెంటు అందించే చిన్న ముక్కలు. అవి అరగడానికే ఉన్నాయి. పొట్టిగా అయ్యాక కూడా అలాగే ఆడిస్తే నిప్పులు కక్కి ఆర్మేచర్ తలను తినేస్తాయి, అప్పుడు యాభై వంద రూపాయల పని వేలల్లోకి వెళ్తుంది. కొన్ని మిషన్లలో కార్బన్ అరిగిపోగానే మిషన్ దానంతటదే ఆగిపోయే రకం కార్బన్లు ఉంటాయి, అవి మేలు. కొనేటప్పుడే షాపతన్ని ఒక మాట అడగండి: “ఈ మోడల్‌కి కార్బన్ జత, స్విచ్, ఆర్మేచర్ ఇప్పుడు మీ దగ్గర ఉన్నాయా?” కార్బన్ జత తీసి చూపిస్తే అక్కడికక్కడే ఒకటి కొనేసుకోండి. తెప్పిస్తామండీ అంటే వేరే కంపెనీ చూడండి. బాష్, మకిటా, డివాల్ట్, 2018లో హైకోకిగా పేరు మారిన హిటాచి, మహారాష్ట్రలో తయారయ్యే కేపీటీ, ఇవన్నీ పని తెలిసిన కంపెనీలే. వీటిలో ఫలానాదే గొప్ప అని నేను చెప్పను. మీకు దగ్గరున్న పాలకొల్లు, అమలాపురం, భీమవరం, ఈ మూడు చోట్ల దేని సామాను సులభంగా దొరుకుతుందో, దేన్ని వైండింగ్ షాపులవాళ్లు కళ్లు మూసుకుని విప్పగలరో అదే మీకు మంచి కంపెనీ. వైండింగ్ షాపుకి వెళ్లి, మీ దగ్గరకు ఏ మిషన్లు ఎక్కువ వస్తాయి, వాటిలో ఏవి బాగుచేయగలుగుతున్నారు అని అడగండి. మిషన్ అమ్మేవాళ్ల కంటే బాగుచేసేవాళ్లకి నిజం ఎక్కువ తెలుసు.

పేరున్న కంపెనీల నకళ్లు కూడా బజార్లో ఉన్నాయి. పేరులో ఒక అక్షరం తేడా, రంగు మాత్రం అదే. జీఎస్టీ బిల్లు మీద మోడల్, సీరియల్ నంబరు రాయించుకోండి, డబ్బా మీదిదీ మిషన్ రేకు మీదిదీ ఒకటేనా చూడండి. బిల్లు ఇవ్వనంటే అదే మీకు జవాబు. కొనేముందు చేతిలోకి తీసుకుని వీలు బిగించే స్పిండిల్‌ని అటూ ఇటూ కదిలించండి, ఊగకూడదు. ఉత్తిగా ఒక నిమిషం ఆడించి చూడండి. శబ్దం ఒకే తీరులో ఉండాలి, గేరు కరకరలాడకూడదు. డబ్బాలో గార్డు, పక్క పిడి, పానా ఉన్నాయో లేదో అక్కడే లెక్కపెట్టుకోండి.

మిషన్ మీద పెట్టినంత శ్రద్ధ వీల్స్ మీద కూడా పెట్టాలి. కోయడానికి వాడే వీలు పల్చగా, 1 మిల్లీమీటరు, 1.2 మిల్లీమీటర్ల మందంలో ఉంటుంది. అది నిటారుగా కోయడానికే. దాన్ని పక్కకు వంచి వెల్డింగ్ ముద్ద సాపు చేస్తే పగులుతుంది. ఈ పని మన వెల్డింగ్ షాపుల్లో రోజూ చూస్తాం, చూసి మీ అబ్బాయి నేర్చుకోకూడదు. ముద్ద తీయడానికి 6 మిల్లీమీటర్ల మందపు గ్రైండింగ్ వీలు వేరే ఉంటుంది, దాన్ని 15 నుంచి 30 డిగ్రీల వాలుగా పెట్టి నడపాలి. రంగు వేయడానికి నున్నగా కావాలంటే గరుకు గుడ్డ రెక్కలున్న ఫ్లాప్ డిస్క్, ముందు గరుకైన 40 నంబరు, తరవాత సన్నటి 80. టైల్స్, రాయి, సిమెంటు కోయడానికి డైమండ్ బ్లేడు. అప్పుడు లేచే దుమ్ములో ఇసుక పొడి ఉంటుంది, ఊపిరితిత్తుల్లోకి పోతే తిరిగి రాదు. తువాలు చుట్టుకుంటే చాలదు, ఎన్95 మాస్కు పెట్టుకోవాలి.

కటింగ్ వీలు మధ్యలో ఇనుప రింగు ఉంటుంది. దాని మీద నెల, సంవత్సరం అచ్చు వేసి ఉంటాయి. అది గడువు తేదీ. మందుల డబ్బా మీద చూసినట్టే దీన్నీ చూసి కొనాలి. వీల్లో ఇసుకను పట్టి ఉంచే జిగురు తేమకి బలహీనపడుతుంది. మన కోనసీమ గాలిలో తేమకి కొదవ లేదు, చెరువు గట్టు పాకలో అయితే ఇంకా ఎక్కువ. కాబట్టి వీల్స్‌ని పాకలో మేకుకు తగిలించకండి, ఇంట్లో ఎత్తున, చదునైన చోట, మూత ఉన్న డబ్బాలో పెట్టుకోండి. గోదావరి వరదకో తుపానుకో తడిసిన వీల్స్‌ని ఎండబెట్టి వాడొద్దు, పారేయండి. కింద పడ్డ వీలు కూడా అంతే. కొత్త వీలు బిగించగానే ఎవరూ ఎదురుగా లేకుండా చూసి, మీరూ పక్కకు నిలబడి ఒక నిమిషం ఉత్తిగా ఆడించండి. పగిలే వీలు సాధారణంగా అప్పుడే పగులుతుంది.

మీ ఏరేటర్లలో స్టెయిన్‌లెస్ స్టీలు షాఫ్టులు ఉంటే దానికి వేరే వీలు పెట్టుకోవాలి. మామూలు ఇనుము కోసిన వీలుతోనే స్టెయిన్‌లెస్ మీద పనిచేస్తే ఇనుప రేణువులు దానిలో దిగబడి, ఉప్పునీళ్లలో అక్కడే తుప్పు మొదలవుతుంది. తుప్పు పట్టదని ఎక్కువ డబ్బు పెట్టి కొన్న షాఫ్టు ఇలా పాడవడం నాకు చాలా బాధగా ఉంటుంది. స్టెయిన్‌లెస్‌కి అని రాసిన వీల్స్ విడిగా దొరుకుతాయి, వాటిని దానికే ఉంచండి. జీఐ పైపు వెల్డింగ్ చేసేముందు అతికే చోట పైన ఉన్న జింకు పూతను గీకేయాలి, గాలి ఆడే చోట, మాస్కు పెట్టుకుని. ఆ పూతతోనే వెల్డింగ్ చేస్తే వచ్చే తెల్ల పొగ పీల్చినవాళ్లకి ఆ రాత్రి చలిజ్వరం వస్తుంది. ఇక తుప్పు గీకి రంగు వేసే పనుంటే, ముందు మంచినీళ్లతో ఉప్పు కడిగి ఆరబెట్టి, తరవాత గీకి, అదే పూట ప్రైమర్ వేసేయండి. సాయంత్రం గీకి తెల్లారి రంగు వేద్దామంటే మన గాలికి రాత్రికి రాత్రే ఎర్ర పొర వచ్చేస్తుంది, పైన ఎంత ఖరీదైన రంగు వేసినా పొక్కులు లేస్తాయి.

కత్తులూ గొడ్డళ్లూ దీంతోనే నూరుతామంటారేమో. సన్నటి ఫ్లాప్ డిస్క్‌తో తేలిగ్గా, నీళ్లలో ముంచుతూ నూరొచ్చు. అంచు నీలం రంగుకి తిరిగిందంటే దాని పదును నిలిచే గుణం పోయినట్టే.

ఇప్పుడు కరెంటు. నన్ను ఎక్కువ భయపెట్టేది ఇదే, ఎందుకంటే మీరు పనిచేసేది చెరువు దగ్గర. మిషన్ రేకు మీద ఒక చదరంలో ఇంకో చదరం గుర్తు ఉంటే దానికి రెండు పొరల ఇన్సులేషన్ ఉందని అర్థం, అందుకే రెండు పిన్నుల ప్లగ్గు ఇస్తారు. పొడిగా ఉన్నంతవరకే ఆ రెండు పొరలూ కాపాడతాయి. ఇనుప పొడి, ఉప్పు తేమ కలిసి లోపల పేరుకుంటే కరెంటుకు దారి ఏర్పడి బయటి ఇనుప తల వరకు వస్తుంది. అందుకని పని అయ్యాక బ్లోయర్‌తోనో సైకిలు పంపుతోనో గాలి కొట్టి దుమ్ము పోగొట్టండి. తడి గట్టు మీద, ఉత్తి కాళ్లతో, నీళ్లలో నిలబడి ఒక్క నిమిషం పని అయినా చేయొద్దు. ఏరేటర్‌ను గట్టు మీదికి, పొడి నేలకు తెచ్చుకోండి, కింద చెక్క వేసుకోండి, చెప్పులు కాదు బూట్లు వేసుకోండి. ప్లగ్గు ఇచ్చే బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ అనే రక్షణ స్విచ్ పెట్టించండి. ఎంసీబీ ఉంది కదా అనుకోవద్దు. ఎంసీబీ వైరును కాపాడుతుంది, మనిషిని కాదు. మనిషి ఒంటిగుండా పోయే కాస్త కరెంటుని కనిపెట్టి రెప్పపాటులో ఆపేది ఆర్‌సీసీబీ ఒక్కటే. దాని మీది టెస్ట్ బొత్తాం నెలకోసారి నొక్కి చూడండి. మిషన్ కొనడానికి డబ్బు చాలక ఇది తరవాత పెట్టిద్దామనుకుంటే, మిషనే తరవాత కొనండి.

పొడవు వైరు గురించి కూడా రాయాలి, మీ పాత మిషన్ కాలిపోవడానికి అదీ ఒక కారణం కావచ్చు. 850 వాట్ల మిషన్ దాదాపు 3.7 ఆంపియర్లు లాగుతుంది. ఇంటి నుంచి చెరువు దాకా 40 మీటర్ల సన్న వైరు, అర చదరపు మిల్లీమీటరు రాగిది లాగితే దారిలోనే పదకొండు పన్నెండు ఓల్టులు పోతాయి, మిషన్ మొదలయ్యేటప్పుడైతే దానికి ఎన్నో రెట్లు. అదే 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరులో పోయేది రెండున్నర ఓల్టులే. మన పల్లెల్లో రాత్రిపూట ఏరేటర్లన్నీ ఆడే వేళకి లైన్లోనే ఓల్టేజి తగ్గి ఉంటుంది, దానికి ఇది తోడు. ఓల్టేజి తగ్గితే చుట్లు తగ్గుతాయి, చుట్లు తగ్గితే లోపలి ఫ్యాను గాలి తగ్గుతుంది, కోయడం లేదని మనం ఇంకా గట్టిగా నొక్కుతాం, కాయిల్ మాడుతుంది. మందమైన వైరు వాడండి, చుట్ట విప్పి పరిచి వాడండి, పని పగలే పెట్టుకోండి. మిషన్ బరువుతోనే కోయనివ్వండి, మీ బలం దాని మీద పెట్టొద్దు. శబ్దం కుంగిందంటే నొక్కుడు ఎక్కువైనట్టు.

చెరువు దగ్గర కరెంటే లేకపోతే బ్యాటరీ మిషన్ మంచిదే, కరెంటు భయం ఉండదు. అయితే మంచి కంపెనీది రెండు బ్యాటరీలతో, చార్జర్‌తో కలిపితే వైరు మిషన్‌కి ఎన్నో రెట్లు అవుతుంది. మొదటి మిషన్‌గా నేను సలహా ఇవ్వను.

నిప్పురవ్వల విషయంలో మన ఊళ్లకు ప్రత్యేకమైన ప్రమాదం ఉంది. రవ్వలు నాలుగైదు మీటర్లు, ఒక్కోసారి ఇంకా దూరం పోతాయి. గడ్డిమేటు, తాటాకు పాక, కొబ్బరి పీచు కుప్ప, డీజిల్ ఇంజన్, ఇవన్నీ మన దొడ్లో ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి. పీచులో పడ్డ రవ్వ వెంటనే మండదు, లోపల రాజుకుని గంట తరవాత, అందరూ భోజనాలకు వెళ్లాక లేస్తుంది. రవ్వలు ఎటు పోతాయో ముందు చూసుకుని ఆ వైపు ఖాళీగా ఉంచండి, పక్కన బకెట్టు నీళ్లు పెట్టుకోండి, పని అయ్యాక ఒకసారి తిరిగి వచ్చి చూడండి. ఇంకొకటి, పాత డీజిల్ డ్రమ్ములు, ఆయిల్ డ్రమ్ములు గ్రైండర్‌తో కోసి తొట్లు చేయడం మానుకోండి. ఖాళీ డ్రమ్ములో ద్రవం లేకపోయినా ఆవిరి ఉంటుంది, ఒక్క రవ్వకు డ్రమ్ము పేలుతుంది. మూత తీసి ఉంచాం, కడిగాం అన్నా నమ్మడానికి లేదు.

ఒంటి మీద లుంగీ, మెడలో కండువా, వదులు చేతుల చొక్కా ఇవేవీ ఉండకూడదు. వదులు నూలు గ్లవుజులు కూడా వీలుకి చుట్టుకుంటాయి, ఒంటికి అతుక్కునే తోలు గ్లవుజులు వాడాలి. కళ్లకు చలవ అద్దాలు చాలవు, పక్కలు మూసిన అద్దాలు, వాటి మీద ముఖమంతా కప్పే షీల్డు కావాలి. కప్ బ్రష్ తీగలు సూదుల్లాగా ఎగిరి వస్తాయి. కంట్లో నలుసు పడితే ఊర్లో పైట కొంగుతోనో అగ్గిపుల్లతోనో తీసే పెద్దవాళ్ల దగ్గరికి వెళ్లొద్దు. ఇనుప నలుసు కంటి నల్లగుడ్డులో దిగి ఒక్క రోజులో చుట్టూ తుప్పు వలయం కడుతుంది. నలపకుండా నేరుగా కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. చెవులకు కూడా ఏదో ఒకటి పెట్టుకోండి, ఈ శబ్దం 90 డెసిబెల్స్ దాటుతుంది.

కోసేటప్పుడు ఒక సంగతి అబ్బాయికి చూపించండి, ఐటీఐలో చెప్పే ఉంటారు. పైపును రెండు చివరలా ఆనించి మధ్యలో కోస్తే, తెగబోయేటప్పుడు మధ్య భాగం కుంగి వీలును రెండు వైపుల నుంచీ నొక్కేస్తుంది, మిషన్ తన్నుతుంది. తెగిపడే ముక్క వేలాడేలా పెట్టుకుంటే కోత విచ్చుకుంటుంది. వీలు తిరిగే వరసలో ఒళ్లు ఉండకూడదు, కాస్త పక్కకు నిలబడాలి. పక్క పిడి లేకుండా ఒంటి చేత్తో పనిచేయొద్దు.

పొగొచ్చి ఆగిపోయిన మీ పాత మిషన్‌ను ఇంకా పారేయకపోతే ఒకసారి కార్బన్లు తీసి చూడండి. అవి అరిగిపోయి, ఆర్మేచర్ మీది రాగి పట్టీలు మెరుస్తూనే ఉంటే కార్బన్ మారిస్తే మళ్లీ ఆడుతుంది, తుప్పు గీకే చిన్న పనికి ఉంచుకోవచ్చు. పట్టీలు నల్లబడి, కాయిల్ దగ్గర మాడు వాసన వస్తుంటే దాని మీద డబ్బు పెట్టొద్దు. దాని గార్డు, వీలును రెండు వైపులా పట్టి ఉంచే ఫ్లాంజీలు కొత్త మిషన్‌కి వాడొద్దు, చూడటానికి ఒకేలా ఉన్నా కొలతలు తేడా వస్తాయి. పాత ఇనుము వాళ్లకి వేసేముందు వైరును మిషన్ దగ్గరికంటా కత్తిరించేయండి, దాన్ని మళ్లీ ఎవరూ ప్లగ్గులో పెట్టి చూడకుండా.